యేసు దైవత్వం ఓట్లతో తేలిందా?

2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘ది డావిన్సీ కోడ్’ సినిమాను రాష్ట్రంలో ఆడనివ్వలేదు. కొద్ది వారాల్లోనే హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. డాన్ బ్రౌన్ 2003లో రాసిన నవల ఆ సినిమాకు ఆధారం. నవలలో ఒక పాత్ర చెప్పే సంగతి ఏమిటంటే, నాలుగో శతాబ్దం దాకా యేసును ఆయన అనుచరులు మనిషిగా, ప్రవక్తగా మాత్రమే చూశారట. క్రీ.శ. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నికయా పట్టణంలో బిషప్పులను కూర్చోబెట్టి, అత్తెసరు మెజారిటీతో ఆయన్ను దేవుణ్ణి చేయించాడట. సినిమా గొడవ ఎప్పుడో సద్దుమణిగింది, ఈ కథ మాత్రం సద్దుమణగలేదు. యేసు దేవుడా, ప్రవక్తా అంటూ తెలుగులో జరిగే వాదోపవాదాల్లో ఇవాళ్టికీ ఇది ఎవరో ఒకరి నోట వస్తూనే ఉంది. దీనికి జవాబు చెప్పాల్సింది నిషేధాలు కావు, ఆధారాలు. యేసు నిజంగా దేవుడా అన్నది విశ్వాసం తేల్చుకోవలసిన ప్రశ్న. ఆయన్ను దేవుడిగా కొలవడం ఎప్పుడు మొదలైందన్నది మాత్రం చరిత్ర జవాబు చెప్పగల ప్రశ్న. ఆ జవాబు స్పష్టంగానే ఉంది. ముందు ఆరాధన పుట్టింది, సిద్ధాంతం దాని వెనక వచ్చింది. చక్రవర్తి ఈ వ్యవహారంలో వేలు పెట్టేనాటికి ఆ ఆరాధనకు రెండున్నర శతాబ్దాలు దాటాయి.

మొదట నికయాలో జరిగిందేమిటో చూద్దాం. ఇప్పటి టర్కీలో ఇజ్నిక్ అని పిలిచే ఆ ఊళ్లో సమావేశమైన బిషప్పులు 318 మంది అని సంప్రదాయం చెబుతుంది. సభలో స్వయంగా కూర్చున్న కైసరయ బిషప్పు యూసెబియస్ 250కి పైగా అన్నాడు. తగవు పుట్టింది ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో, అరియస్ అనే గురువు బోధ వల్ల. యేసు వట్టి మనిషి అని అరియస్ ఏనాడూ అనలేదు. లోకం పుట్టకముందే కుమారుడు ఉన్నాడనీ, లోకాన్ని దేవుడు ఆయన ద్వారానే చేశాడనీ అతనూ ఒప్పుకున్నాడు. కాకపోతే ఆ కుమారుడు కూడా తండ్రి చేత కలిగినవాడే, తండ్రిలా అనాది కాడు అన్నాడు. అవతలి పక్షం కుమారుడు సృష్టిలో భాగం కాడనీ, తండ్రిది ఏ తత్వమో ఆయనదీ అదే తత్వమనీ పట్టుబట్టింది. అంటే మనిషా దేవుడా అన్నది అక్కడ చర్చకే రాలేదు. ఇరుపక్షాలూ యేసును కొలిచేవే. కొలుస్తున్న ఆయనకూ తండ్రి అయిన దేవుడికీ ఉన్న సంబంధాన్ని ఎలా చెప్పాలన్నదే తగాదా. చివరకు విశ్వాస ప్రమాణం మీద సంతకం చేయబోమని నిలబడ్డ బిషప్పులు ఇద్దరే, సెకుండస్, థియోనస్. ఇద్దరూ లిబియా వైపువారు. చక్రవర్తి ఒత్తిడి సంతకాల మీద పనిచేసిందన్నది నిజమే. అయినా దీన్ని అత్తెసరు మెజారిటీ అనడం కుదరదు.

చక్రవర్తి తలచుకుంటే దేవుడు పుట్టాడన్న వాదనను ఆ తర్వాతి యాభై ఏళ్ల చరిత్ర ఇంకా గట్టిగా దెబ్బతీస్తుంది. వెలివేసిన అరియస్‌ను కొన్నేళ్లకే కాన్‌స్టంటైన్ మళ్లీ దగ్గరికి రానిచ్చాడు. నికయా పక్షానికి కొమ్ముకాసిన అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్‌ను 335లో దూరాన ఉన్న ట్రియర్‌కు సాగనంపాడు. 337లో మరణశయ్య మీద చక్రవర్తికి బాప్తిస్మం ఇచ్చింది అరియస్‌ను వెనకేసుకొచ్చిన నికోమీడియా యూసెబియసే. కొడుకు కాన్‌స్టాంటియస్ ఏకంగా నికయా ప్రమాణాన్ని పక్కన పెట్టించడానికి సభల మీద సభలు పిలిపించాడు. 359లో అరిమినంలో నాలుగు వందల మందికి పైగా బిషప్పుల చేత, తండ్రీ కుమారులది ఒకే తత్వమన్న మాట లేని ప్రమాణాన్ని ఒప్పించాడు. అథనేసియస్ మొత్తం ఐదుసార్లు ప్రవాసానికి వెళ్లాడు. బిషప్పుగా ఉన్న నలభై అయిదేళ్లలో దాదాపు పదిహేడేళ్లు పీఠానికి దూరంగానే గడిపాడు. రాజముద్రతోనే నమ్మకాలు తయారయ్యేటట్టయితే ఇవాళ చర్చిల్లో వినిపించవలసింది అరియస్ ప్రమాణం. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ నికయా మాటను నిలబెట్టినప్పుడు థియోడోసియస్ చక్రవర్తి అండ దానికి ఉంది, కాదనలేం. కానీ అండ దొరికేదాకా ఆ మాట రాజాజ్ఞలకు ఎదురొడ్డి బతికింది. కాపురం తరాలుగా సాగాక ఎవరో పేచీ పెడితే పెళ్లిని రిజిస్టర్ చేయించుకున్నట్టే నికయా చేసిన పని. రిజిస్టర్‌లో ఉన్న తేదీ పెళ్లి తేదీ కాదు.

మరి అసలు తేదీ ఎక్కడ వెతకాలి? క్రైస్తవుల మాట పట్టుకుంటే పక్షపాతం అంటారు కాబట్టి, వాళ్లను శిక్షించిన అధికారి మాట ముందు విందాం. నికయా సభకు రెండు శతాబ్దాల ముందు, దాదాపు 111 - 113 మధ్య, ఆ ఊరు ఉన్న బితూనియ - పొంతు ప్రాంతానికి ప్లినీ అనే రోమన్ గవర్నర్ ఉండేవాడు. ట్రాజన్ చక్రవర్తికి అతను రాసిన ఉత్తరాలు మిగిలాయి. నికయాలో కోటి సెస్టర్సులకు పైగా పోసి కడుతున్న నాటకశాల పునాది కుంగి గోడలు బీటలు వారుతున్నాయని ఒక ఉత్తరంలో మొత్తుకుంటాడు. మరో ఉత్తరంలో క్రైస్తవులను ఏం చేయాలో పాలుపోక సలహా అడుగుతాడు. పట్టుబడినవాళ్లను వదలాలంటే అతను పెట్టిన పరీక్ష ఇది: రోమన్ దేవతలను ప్రార్థించాలి, చక్రవర్తి ప్రతిమ ముందు ధూపం వేసి ద్రాక్షారసం అర్పించాలి, క్రీస్తును తిట్టాలి. నిజమైన క్రైస్తవులు వీటిలో ఒక్కటీ చేయరని అతనికి చెప్పారు. ఆ మతాన్ని మానేశామన్నవారిని అప్పుడు మీరేం చేసేవారని విచారించాడు. నియమిత దినాన తెల్లవారకముందే కూడి, దేవుడికి పాడినట్టు క్రీస్తుకు పాట పాడేవాళ్లమనీ, దొంగతనం, వ్యభిచారం చేయబోమని, మాట తప్పబోమని ఒట్టు పెట్టుకునేవాళ్లమనీ వాళ్లు చెప్పారు. నిజానిజాలు తేల్చుకోవడానికి అతను పరిచారికలని పిలిచే ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టి మరీ అడిగాడు. మితిమీరిన మూఢనమ్మకం తప్ప ఏమీ దొరకలేదని తేల్చాడు.

ఈ సాక్ష్యం విలువ ఎక్కడుందో గమనించాలి. చెప్పినవాళ్లు మతం వదిలేసినవాళ్లు, గవర్నర్ ముందు ప్రాణం కాపాడుకోవాలనుకున్నవాళ్లు. యేసును పెద్ద చేసి చెప్పడం వల్ల వాళ్లకు ఒరిగేదేమీ లేదు. పైగా వాళ్లలో కొందరు ఇరవై ఏళ్ల కిందటే మానేశామన్నారు. ఆ లెక్కన క్రీస్తుకు పాట పాడే ఆ తెల్లవారుజాములు మొదటి శతాబ్దం చివరి దశకంలోకి వెళ్తాయి. రాసుకున్న ప్రమాణం లేదు, సభ లేదు, రాజు దయ అసలే లేదు. ఉన్నదల్లా ఒక పాట, ఒక ఒట్టు, పట్టుబడితే మరణశిక్ష.

ప్లినీ ఒక్కడే కాదు. రోమ్ నగరంలో పాలటైన్ కొండ మీది కట్టడపు గోడకు ఎవరో ఆకతాయి గీకిన బొమ్మ ఒకటి పందొమ్మిదో శతాబ్దంలో బయటపడింది. సిలువ మీద గాడిద తలతో ఒక మనిషి, కింద చెయ్యెత్తి నిలబడ్డ మరో మనిషి. అలెక్సమెనోస్ తన దేవుణ్ణి కొలుస్తున్నాడని పక్కనే తప్పులతడక గ్రీకులో ఎగతాళి. సుమారు 200 నాటిదని చాలామంది పండితుల అంచనా. సిలువ వేయబడ్డవాణ్ణి దేవుడంటారు ఈ జనం అన్నది అప్పటికే గోడల మీద వెక్కిరింపుగా మారిందంటే, అది ఊరందరికీ తెలిసిన సంగతై ఉండాలి. ఇజ్రాయెల్‌లో మెగిద్దో జైలు ఆవరణలో 2005లో ఖైదీల సాయంతో జరిగిన తవ్వకాల్లో ఒక ప్రార్థనా మందిరపు నేల బయటపడింది. రంగురాళ్లు పొదిగిన ఆ నేల మీద చేపల బొమ్మ ఉంది, గ్రీకు శాసనాలున్నాయి. దాని ఖర్చు భరించింది గయానస్ అనే రోమన్ సైనికాధికారి. అకెప్తౌస్ అనే స్త్రీ దేవుడైన యేసుక్రీస్తుకు జ్ఞాపకార్థంగా బల్లను సమర్పించిందని మరో శాసనం చెబుతోంది. తవ్వినవారి లెక్క ప్రకారం అది 230 ప్రాంతానిది, అంటే నికయాకు దాదాపు వందేళ్లు ముందు. బిషప్పులు వాదించుకుని తీర్మానించకముందే, ఆ స్త్రీ కానుకతో ఆ మాట రాతిలోకి ఎక్కింది.

ఇంకా వెనక్కి వెళ్తే చేతికందే అత్యంత పాత క్రైస్తవ రచనలు పౌలు ఉత్తరాలు. వీటిలో ముఖ్యమైనవి 50వ దశకంలో రాసినవి, అంటే సిలువ మరణం తర్వాత ఇరవై, ముప్పై ఏళ్ల లోపువి. ఫిలిప్పీయులకు రాసిన ఉత్తరంలో ఒక భాగం ఉంది. దేవుని స్వరూపంలో ఉన్న ఆయన తన్ను తాను రిక్తుణ్ణి చేసుకుని దాసుడి రూపం ఎత్తాడనీ, సిలువ మరణం దాకా తగ్గించుకున్నాడనీ, అందుకే ప్రతి మోకాలూ ఆయన పేరున వంగాలనీ దాని సారాంశం. ఇది పౌలు కన్నా ముందే సంఘాల్లో పాడుకుంటున్న కీర్తన కావచ్చని చాలామంది పండితులు భావిస్తారు. ప్రతి మోకాలూ వంగడమన్నది యెషయా గ్రంథంలో యెహోవా తనకు తప్ప వేరెవరికీ చెల్లదంటూ చెప్పిన సందర్భం లోనిది. దాన్ని తెచ్చి యేసుకు వర్తింపజేయడం యూదుడైన పౌలుకు చిన్న విషయం కాదు. కొరింథీయులకు గ్రీకులో రాసిన మొదటి ఉత్తరం చివర ప్రభువును రమ్మని పిలిచే చిన్న అరమేయిక ప్రార్థన ఒకటి ఉంది. గ్రీకు మాట్లాడే సంఘం అరమేయికంలో ఎందుకు ప్రార్థిస్తుంది? పలస్తీనాలో యేసు భాషే మాట్లాడిన తొలి సంఘం నుంచి అది వారికి అంది ఉండాలి. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో పనిచేసిన లారీ హర్టాడో ఇలాంటి ఆధారాలన్నీ పోగుచేసి, యేసు ఆరాధన క్రమంగా పేరుకున్నది కాదు, మొదటి కొద్ది ఏళ్లలోనే పెల్లుబికినదని పెద్ద గ్రంథమే రాశాడు. అదీ 2003లోనే వచ్చింది. డాన్ బ్రౌన్‌కు దొరికిన పాఠకులు దానికి దొరకలేదు, అంతే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. రోమన్ లోకంలో మనుషుల్ని దేవుళ్లు చేయడం మామూలే కదా? జూలియస్ సీజర్‌ను చనిపోయాక దేవతల్లో చేర్చారు, అగస్టస్‌కు గుళ్లు కట్టారు. ఆ గాలి సోకే యేసు కూడా దేవుడయ్యాడని అనుకోవచ్చు కదా? యేసును మొదట కొలిచినవాళ్లు రోమన్లయితే ఈ వాదన నిలబడేది. కానీ వాళ్లు యూదులు. ఒక్క దేవుడు తప్ప మరొకరి ముందు తల వంచడం మహాపాపమని రోజూ పలుకుతూ పెరిగినవాళ్లు. క్రీ.శ. 40 ప్రాంతంలో కలిగులా చక్రవర్తి యెరూషలేము దేవాలయంలో తన విగ్రహం పెట్టించబోతే, ప్రాణాలైనా ఇస్తాం గానీ ఒప్పుకోమని వేలమంది యూదులు గవర్నర్ ముందు కూర్చున్నారు, రైతులు పొలాల్లో విత్తనాలు వేయడం మానేశారు. పౌలు ఉత్తరాలు పుట్టింది ఆ తరంలోనే, ఆ జాతిలోనే. యేసు అనుచరులు చక్రవర్తి ఆరాధనను అనుకరించారనడానికీ వీల్లేదు. చక్రవర్తి ప్రతిమ ముందు చిటికెడు ధూపం కూడా నిజమైన క్రైస్తవులు వేయరనే కదా ప్లినీ విన్నది.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. నేను దేవుణ్ణని యేసు తనంతట తాను ఎక్కడ చెప్పాడు? మొదట వచ్చిన మార్కు సువార్తలో ఆయన తనను మంచివాడని ఎందుకంటావని ఒకణ్ణి అడుగుతాడు, అంత్యదినం ఎప్పుడో కుమారుడికి కూడా తెలియదంటాడు. తండ్రి తనకన్నా గొప్పవాడన్న మాట యోహాను సువార్తలోనే ఉంది. అరియస్ పక్షం వాడుకున్నది సరిగ్గా ఇలాంటి వాక్యాలనే. ఈ వచనాలను దాటవేయడం నిజాయితీ కాదు. అదే మార్కు సువార్తలో యేసు పాపాలు క్షమిస్తానంటే, అది దేవుడొక్కడి పని, ఇది దైవదూషణ అని శాస్త్రులు మండిపడతారు. విచారణలో మనుష్యకుమారుడు దేవుని కుడిపక్కన కూర్చోవడం మీరు చూస్తారన్న మాటకే ప్రధాన యాజకుడు బట్టలు చించుకుంటాడు. రెండు రకాల మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. అమెరికన్ పండితుడు బార్ట్ ఎర్మన్ విశ్వాసి కాడు. యేసు తాను దేవుణ్ణని చెప్పుకోలేదన్నదే ఆయన వాదన. అలాంటి ఆయన కూడా 2014లో రాసిన పుస్తకంలో, యేసు చనిపోయిన కొద్ది కాలానికే శిష్యులు ఆయన్ను దైవంగా భావించడం మొదలుపెట్టారని ఒప్పుకున్నాడు. విశ్వాసికీ అవిశ్వాసికీ మధ్య ఇవాళ మిగిలిన తేడా కారణం గురించే, కాలం గురించి కాదు.

ఎదుగుదల అసలు లేదని కాదు. ఒకే తత్వం, త్రిత్వం, రెండు స్వభావాలు అన్న పరిభాష పౌలుకు తెలియదు. అది గ్రీకు తత్వశాస్త్రం ఒళ్లో పెరిగింది, 451లో కాల్సిడన్ సభ నాటికి గాని ఒక కొలిక్కి రాలేదు. కానీ సంఘం ఎదుర్కొన్న తొలి తగవుల్లో ఒకటి చూడండి, చిత్రంగా ఉంటుంది. మొదటి శతాబ్దం చివర, యేసు కేవలం దేవుడే, మనిషి దేహం ఆయనకు నిజంగా లేదు, అలా కనిపించాడంతే అనేవాళ్లు బయల్దేరారు. యోహాను పత్రికలు వాళ్లను ఖండిస్తాయి. సుమారు 110లో, మరణశిక్ష అనుభవించడానికి రోముకు తరలివెళ్తూ అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ దారిలో ఉత్తరాలు రాశాడు. యేసు నిజంగానే పుట్టాడు, తిన్నాడు, తాగాడు, నిజంగానే చచ్చిపోయాడని వాటిలో మళ్లీ మళ్లీ నొక్కి చెబుతాడు. అవే ఉత్తరాల్లో ఆయన్ను మన దేవుడంటాడు. దైవత్వం ఆలస్యంగా అతికించినదే అయితే, ఆయన మనిషేనని నిరూపించుకోవలసిన అవసరం అంత తొందరగా రాకూడదు. తొలి సంఘానికి కష్టమైన సంగతి, కొలుస్తున్న దేవుడు బానిసలా కొరడా దెబ్బలు తిని చచ్చాడని ఒప్పుకోవడం. ఆ రెండింటిలో దేన్నీ వదలకుండా పట్టుకోవడానికి పడ్డ తంటాలే నికయా, కాల్సిడన్.

మన దేశంలో ఈ చర్చ కొత్తది కాదు. 1820లో రాజా రామమోహన రాయ్ సువార్తల్లోని నీతిబోధలను ఏరి, అద్భుతాలనూ సిద్ధాంతాలనూ వదిలేసి ఒక పుస్తకం వేశాడు. సేరంపూర్ మిషనరీ జాషువా మార్ష్‌మన్ దాన్ని దుయ్యబడితే రాయ్ వరుసగా మూడు జవాబు గ్రంథాలు రాశాడు. ఆ వాదంలో పడి విలియం ఆడమ్ అనే బాప్టిస్టు మిషనరీయే త్రిత్వాన్ని వదిలి రాయ్ వైపు వచ్చేశాడు. రాయ్‌ది గౌరవించదగ్గ స్థానం. యేసు బోధ చాలు, దైవత్వం అక్కర్లేదని ఆయన బైబిల్ వచనాలతోనే తర్కించాడు, కుట్ర కథలు అల్లలేదు. ఇస్లాం కూడా అంతే. ఈసాను మసీహ్‌గా, కన్య మరియమ్మకు పుట్టిన ప్రవక్తగా గౌరవిస్తూనే దైవత్వాన్ని తన ఏకేశ్వర సూత్రం మీద నిలబడి తిరస్కరిస్తుంది. దానికి నికయా ఓట్ల లెక్కతో పనిలేదు. ఇక హిందూ ఇళ్లలో చాలామందికి యేసు మరో అవతారం. 1978లో ‘కరుణామయుడు’ చూసి దణ్ణం పెట్టుకున్న తెలుగువాళ్లందరూ క్రైస్తవులు కారు. పూజగదిలో ఇంకో పటానికి చోటుంటుంది కదా అన్నది ఉదారమైన ఆలోచనే. అయితే క్రైస్తవ విశ్వాసం కోరేది అది కాదు. ధర్మానికి హాని కలిగినప్పుడల్లా దిగివచ్చే దేవుడు కాదు, ఒక్కసారే మనిషై, ఆ మానవత్వాన్ని మళ్లీ విడిచిపెట్టని దేవుడు అన్నది దాని మాట. మద్రాసు క్రైస్తవ ఆలోచనాపరుడు వెంగళ్ చక్కరై అవతార భావనతోనే క్రీస్తును వివరించబోయి, ఈ తేడా దగ్గరే ఆగి దాన్ని విడమరచి చెప్పుకోవలసి వచ్చింది.

ఇంతా చెప్పాక ఈ ఆధారాలు దేన్ని నిరూపించవో కూడా చెప్పాలి. తొలి క్రైస్తవులు యేసును దేవుడిగా కొలిచారని ఇవి చూపిస్తాయి. వాళ్లు కొలిచింది సరైనదేనని చూపించవు. ఎంత పాత నమ్మకమైనా పొరపాటు కావచ్చు. దానికోసం చచ్చినవాళ్లు చిత్తశుద్ధి గలవాళ్లని తేలుతుందే తప్ప నమ్మినది నిజమని తేలదు. ఒక్కడే అయిన దేవుడు తనకు తానే ఎలా ప్రార్థించుకుంటాడన్న యూదుల ప్రశ్న, ముస్లింల ప్రశ్న, హేతువాదుల ప్రశ్న అలాగే ఉన్నాయి. క్రైస్తవులు వాటికి జవాబు చెప్పుకోవలసిందే. కానీ ఆ ప్రశ్నలు అడిగేవాళ్లు నికయా కుట్ర కథను పక్కన పెడితే వాళ్ల వాదనకే బలం. తప్పుడు చరిత్ర మీద నిలబెట్టిన సరైన ప్రశ్న కూడా చులకనైపోతుంది.

క్రైస్తవులు నేర్చుకోవలసిందీ ఇందులో ఉంది. 333లో కాన్‌స్టంటైన్ అరియస్ పుస్తకాలు తగలబెట్టమని, దాచినవాళ్లకు మరణశిక్ష అని ఆజ్ఞ వేశాడు. ఆ ఆజ్ఞ అరియస్ బోధను చంపలేదు, అది తర్వాత నలభై యాభై ఏళ్లు రాజసభల్లోనే వర్ధిల్లింది. దాన్ని ఓడించింది అథనేసియస్ వంటివాళ్లు ఏళ్ల తరబడి రాసిన వాదనలు, సంఘాల్లో ఆగకుండా సాగిన పాట. సినిమాలను ఆపించమని సర్కారును ఆశ్రయించేవాళ్లు తమ విశ్వాసం రాజు నీడ లేకుండానే మూడు వందల ఏళ్లు పెరిగిందన్న సంగతి మరచిపోతున్నారు. యేసును దేవుణ్ణి చేసింది ఎవరని అడగడం మానేసి, ఏక దేవుణ్ణి తప్ప ఎవరినీ కొలవని గలిలయ యూదులు, తమ కళ్లెదుట సిలువ వేయబడ్డ మనిషికి ఇరవై ఏళ్లు తిరక్కుండానే ఎందుకు మొక్కారని అడిగితే చర్చ ముందుకు సాగుతుంది. పునరుత్థానమని విశ్వాసి అంటాడు, దర్శన భ్రాంతి అని సంశయవాది అంటాడు. వాదించుకోవలసింది ఆ రెండింటి మధ్య. చక్రవర్తికి అందులో పాత్ర లేదు.